నాపరాతి గోడకు అవతల వైఫై: ఎందుకు అందదు? ఎలా అందించాలి?

ప్రశ్న: మాది గురజాల దగ్గర పల్లెటూరు. తాతల నాటి నాపరాళ్ల ఇల్లు. వెనకవైపు ఈమధ్యే స్లాబు గది వేసి, దాని మీద మేడగది కట్టుకున్నాం. ఫైబర్ నెట్ డబ్బా ముందు హాల్లో టీవీ పక్కన ఉంది. అక్కడ నెట్ బ్రహ్మాండంగా వస్తుంది. వెనక గదిలో మా పాప ఆన్‌లైన్ క్లాసు పెట్టుకుంటే మాత్రం గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. మేడ మీదయితే వైఫై పేరే కనపడదు. ఒకరు బూస్టర్ కొనమంటున్నారు, ఇంకొకరు ప్లాన్ పెంచమంటున్నారు. ఏది చేయమంటారు?

జవాబు: రెండూ వద్దండి. ముందు ప్లాన్ సంగతి చూద్దాం. హాల్లో బాగా వస్తోందంటే, మీరు కట్టే డబ్బుకు రావలసిన నెట్ మీ గడప దాటి లోపలికి వచ్చేసినట్టే. ఆగుతున్నది నడిమి గోడ దగ్గర. ప్లాన్ పెంచితే హాల్లో వేగం ఇంకా పెరుగుతుంది, పాప గదిలో ఏమీ మారదు. మీకు కావలసింది గోడ అవతల ఇంకో వైఫై డబ్బా. దాన్ని హాల్లోని డబ్బాకు గాలిలో కాకుండా వైరుతో కలపాలి. ఆ రెండో డబ్బానే యాక్సెస్ పాయింట్ అంటారు. ఇంట్లో పాత రూటరు మూలన పడి ఉంటే దానితోనే పని జరిగిపోవచ్చు. ఎందుకో, ఎలాగో ఒక్కొక్కటే చెబుతాను.

ఒక్క గోడ అంత పని చేస్తుందా?

పల్నాడులో చేస్తుంది. మనది సున్నపురాయి నేల. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు వెలిసినా, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చినా కారణం ఆ రాయే. పొరలు పొరలుగా పలకల్లా ఊడొచ్చే నాపరాయిని మన పెద్దలు గోడకీ, నేలకీ, పైకప్పుకీ, చివరికి దొడ్డి చుట్టూ కంచెకీ వాడుకున్నారు. పాత ఇళ్లలో అడుగున్నర, రెండడుగుల మందం గోడలు మామూలే. రెంటచింతల ఎండల్ని ఎరిగినవాళ్లకు ఆ మందం విలువ చెప్పక్కర్లేదు. ఎండను ఆపే ఆ మందమే వైఫైనీ ఆపుతోంది.

వైఫై తరంగం రాతిని తాకగానే కొంత భాగం గోడ ముఖం మీదే వెనక్కి తిరిగిపోతుంది. లోపలికి దూరిన భాగం ముందుకు పోయేకొద్దీ వేడిగా మారి కరిగిపోతుంది. ఇక్కడ లెక్క తీసివేత కాదు, భాగహారం. రూటరు పంపే శక్తి మామూలుగా 100 మిల్లీవాట్ల చుట్టుపక్కల ఉంటుంది. మీ గోడ అందులో 20 డెసిబెల్స్ మింగిందనుకుందాం. 10 డెసిబెల్స్ పోతే పదో వంతు మిగులుతుంది, 20 పోతే నూరో వంతు. అలాంటి గోడ రెండోది అడ్డొస్తే మిగిలేది పదివేలలో ఒక వంతు. దూరం వల్ల తగ్గేది దీనికి అదనం. వానాకాలంలో చెమ్మ పట్టిన గోడ ఇంకాస్త ఎక్కువ మింగుతుంది.

మీ డబ్బా రెండు రకాల తరంగాలు పంపుతూ ఉండవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు, 5 గిగాహెర్ట్జ్‌ది 5 నుంచి 6 సెంటీమీటర్లు. రెండోదాంట్లో వేగం ఎక్కువ, చుట్టుపక్కల రద్దీ తక్కువ. కానీ గోడల్ని దాటడంలో అది ఇంకా బలహీనం. మేడ మీద దాని పేరు అసలు కనపడకపోవడం అందుకే. మధ్యలో ఇనుప ఊచలున్న స్లాబు కూడా ఉందాయె.

మరి పెద్ద యాంటెనాలున్న రూటరు కొంటే?

చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. వైఫై అంటే మాట్లాడటం ఒక్కటే కాదు, వినడం కూడా. రూటరు ఎంత గట్టిగా పంపినా, ఫోన్ తిరిగి పంపే జవాబు దానికి చేరాలి. ఫోన్‌లో ఉన్నది చిన్న యాంటెనా, కొద్దిపాటి బ్యాటరీ. అది పంపే శక్తి రూటరు కంటే తక్కువ. అందువల్ల పెద్ద రూటరు పెట్టాక ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనపడతాయి, వీడియో కాల్ మాత్రం అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా వెళుతుంది. ఫోన్ కేకను గోడ ఇంకా మింగుతూనే ఉంటుంది మరి.

బూస్టర్‌ది ఇంకో బాధ. అసలు డబ్బా పంపినదాన్ని గాలిలో విని, మళ్లీ గాలిలోనే ఫోన్‌కు చెప్పడం దాని పని. చవకరకం బూస్టర్లు వినడానికీ చెప్పడానికీ ఒకే చానల్ వాడతాయి. ఒకేసారి రెండు పనులూ చేయలేవు కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అదీగాక దాన్ని పాప గదిలో పెడితే, ఫోన్‌కు అందని సిగ్నల్ దానికి మాత్రం ఎక్కడినుంచి అందుతుంది? గోడకు ఇవతల పెడితే అది పంపేది కూడా అదే గోడ దాటాలి. గుమ్మం ఎదురుగా, తలుపు ఎప్పుడూ తెరిచి ఉండే చోట పెట్టుకోగలిగితే కొంత నయం. మెష్ అని రెండు మూడు డబ్బాల సెట్లు అమ్ముతున్నారు. పెంకుటిళ్లలో, పలచటి ఇటుక గోడల ఇళ్లలో అవి బాగానే పనిచేస్తాయి. రాతి ఇంట్లో వాటినీ వైరుతో కలుపుకోవలసిందే. చాలా మెష్ డబ్బాలకు వెనక ఆ వీలు ఉంటుంది. నా ఓటు ఎప్పుడూ వైరుకే. గోడను వైరు దాటనివ్వండి, గాలికి ఒక్క గది పని మాత్రమే వదిలేయండి.

అసలు డబ్బా ముందు హాల్లోనే ఎందుకుంది?

టీవీ అక్కడుంది కాబట్టి. 2017 డిసెంబర్ 27న వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్ మూడూ ఒకే తీగ మీద ఇస్తామన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లోకి వచ్చిన ఆ తీగను ఇళ్లకు లాగింది అంతకుముందు నుంచీ టీవీ కనెక్షన్లు ఇస్తున్న కేబుల్ ఆపరేటర్లే. ప్రైవేటు కంపెనీల ఫైబర్ కూడా చాలాచోట్ల వీధిలోంచి దగ్గరి కిటికీ గుండా హాల్లోకే దిగుతుంది. అంటే మీ ఇంట్లో డబ్బా చోటును టీవీ నిర్ణయించింది, మీ పాప చదువు కాదు.

కాబట్టి పైసా ఖర్చు పెట్టే ముందు కేబుల్ అబ్బాయిని అడగండి: తీగ మిగులు చుట్ట ఉంటే డబ్బాను ఇంటి నడుమకు జరపగలడేమో. అయితే ఫైబర్‌ను మూలల్లో మడత పెట్టనివ్వకండి. లోపలున్నది గాజు పోగు, బిగుతుగా వంచితే వెలుగు బయటికి కారిపోతుంది. జరిపినా మేడగదికి అందకపోతే, కింద చెప్పిన పని తప్పదు.

వైరు ఎలా లాగాలి?

ముందు ఫోన్ చేతిలో పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి. వైఫై సిగ్నల్‌ను అంకెల్లో చూపించే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఆ అంకె మైనస్‌లో ఉంటుంది. డబ్బా పక్కన మైనస్ 30, 40 మధ్య కనపడుతుంది. మైనస్ 67 దాకా వీడియో కాల్‌కు ఢోకా ఉండదు. మైనస్ 80 దగ్గరికి పోయిందంటే ఆ చోటు పనికిరాదు. తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి చూడండి. ఇనుప బీరువాకు, నిలువుటద్దానికి, ఫ్రిజ్‌కు అటూ ఇటూ కూడా చూడండి. ఏ గోడ మీకు అడ్డమో ఆ అంకెలే చెబుతాయి. కొత్త డబ్బా ఆ గోడకు అవతల ఉండాలి.

వైరు క్యాట్ 6 తీసుకోండి, క్యాట్ 5ఈ అయినా చాలు. రెండు డబ్బాల మధ్య 100 మీటర్లు దాటకూడదు, మీ ఇంటికి అంత అవసరం కూడా రాదు. కొనేటప్పుడు ఒక్క పరీక్ష తప్పక చేయండి. లోపలి సన్న తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే అసలు రాగి. తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. చవకగా వస్తుంది గానీ నాలుగు రోజులకు కొసలు విరుగుతాయి, దాని మీద కరెంటు కూడా పంపాలనుకుంటే వేడెక్కుతుంది.

బెజ్జం వేసేటప్పుడు తొందరపడకండి. నాపరాయిని అంచు దగ్గర డ్రిల్లింగ్ మిషన్‌తో గుద్దితే పొర వెంట చీలిపోతుంది. పలక మధ్యలో సన్నపు బిట్టుతో మొదలుపెట్టి, తర్వాత పెద్దది వేయాలి. రాళ్ల మధ్య సున్నం అతుకు దొరికితే ఇంకా మంచిది. అసలు బెజ్జమే అవసరం లేకుండా వెంటిలేటర్ గుండానో, ద్వారబంధం వారగానో దారి ఉంటే అదే వాడుకోండి. బయటికి తీసే బెజ్జం బయటివైపు కొంచెం వాలుగా ఉండాలి. వైరు గోడలోకి దూరే ముందు కిందికి చిన్న వంపు తిరగాలి. అప్పుడు వాన నీరు వైరు వెంట లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఎండ తగిలే చోట నల్ల తొడుగున్న అవుట్‌డోర్ వైరు వాడండి, లేదా పైపులో దూర్చండి. కరెంటు వైర్ల పైపులోనే దీన్నీ లాగుతామని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోకండి, అది ప్రమాదం.

కొసలకు ఆర్‌జే45 పిన్నులు బిగించాలి. పిన్ను నాలుక కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమనుంచి కుడికి రంగుల వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసలా ఇదే వరస. జంట తీగల మెలికను అర అంగుళం కంటే ఎక్కువ విప్పకూడదు. ఆ మెలికే పక్క జంట రొదను అడ్డుకుంటుంది. మూడు, ఆరు స్థానాల్లో పచ్చ జంట వస్తుంది, ఆ మధ్యలో నీలం జంట దూరుతుంది. కొత్తగా బిగించేవాళ్లు తడబడేది అక్కడే. నాలుగు జంటల్లో నారింజ, పచ్చ మాత్రం సరిగా ఉన్నా నెట్ వస్తుంది, కానీ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. 200 ప్లాన్ కట్టి 95 మించి రావట్లేదంటే ముందు నీలం, గోధుమ తీగల్ని అనుమానించండి. పాత రూటరు పోర్టు 100 వరకే ఉండటం ఇంకో కారణం కావచ్చు.

పాత రూటరును యాక్సెస్ పాయింట్‌గా ఎలా మార్చాలి?

నరసరావుపేటలోనో గుంటూరులోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకు అప్పగించండి. లేకపోయినా ఫర్వాలేదు, పని కష్టం కాదు. వరస తప్పకూడదు, అంతే.

ఇంట్లో ఫోన్, టీవీ, లాప్‌టాప్ ప్రతిదానికీ నెట్‌వర్క్‌లో ఒక చిరునామా కావాలి. 192.168.1.5 లాంటి అంకె అది. దాన్ని ఇచ్చే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఇప్పుడు హాల్లోని డబ్బా ఆ పని చేస్తోంది. పాత రూటరు కూడా పుట్టుకతో అదే పని చేస్తుంది. ఒకే ఊరికి ఇద్దరు పంచాయతీ కార్యదర్శులు ఎవరికి వారు ఇంటి నంబర్లు ఇస్తూ పోతే ఎలా ఉంటుందో, రెండు డబ్బాలూ చిరునామాలు పంచితే అలా ఉంటుంది. హాల్లో డబ్బా ఇచ్చిన చిరునామా అందుకున్న ఫోన్‌కు నెట్ నడుస్తుంది. పాత రూటరు జవాబు ముందు అందినదానికి నడవదు. వైఫై కలిసే ఉంటుంది, నెట్ ఉండదు. పైగా ఇది వెంటనే బయటపడకపోవచ్చు. పాత చిరునామా గడువు తీరాక, మర్నాడెప్పుడో ఒక్కొక్క ఫోనే మొరాయిస్తుంది. అప్పుడు అందరూ కంపెనీని తిట్టుకుంటారు.

కాబట్టి ఇలా చేయండి. ఫోన్‌ను హాల్లో వైఫైకి కలిపి, ఆ వైఫై వివరాల్లో గేట్‌వే అని ఉన్న అంకె రాసుకోండి. 192.168.1.1 అనుకుందాం. పాత రూటరు వెనక సన్న బెజ్జంలోని రీసెట్ మీటను పిన్నీసుతో పది సెకన్లు నొక్కి పట్టి, కొత్తదానిలా చేయండి. దాన్ని ఇంకా ఇంటి నెట్‌కు కలపకండి. లాప్‌టాప్‌ను దానికొక్కదానికే వైరుతో కలిపి సెట్టింగుల పేజీ తెరవండి. అందులో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది ఎంచుకోండి, మిగతాది చాలావరకు అదే చూసుకుంటుంది.

అది లేకపోతే మొదట ల్యాన్ చిరునామా మార్చాలి. రెండు డబ్బాలకూ 192.168.1.1 ఉంటే కొట్టుకుంటాయి కనుక పాతదానికి 192.168.1.2 ఇవ్వండి. హాల్లోని డబ్బా ఇతరులకు పంచే అంకెల్లో ఈ 2 ఉండకూడదు. దాని సెట్టింగుల్లో పంపకం 100 నుంచి మొదలయ్యేలా పెడితే సరిపోతుంది. సేవ్ చేశాక కొత్త చిరునామాతో మళ్లీ లోపలికి వెళ్లి వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. డీహెచ్‌సీపీని ఆపడం చిట్టచివరి పని. ముందే ఆపేస్తే మీ లాప్‌టాప్‌కు చిరునామా ఇచ్చే దిక్కు లేక సెట్టింగుల పేజీ మళ్లీ తెరుచుకోదు.

ఇప్పుడు హాల్లోంచి వచ్చిన వైరు. పాత రూటరు వెనక వేరే రంగులో వ్యాన్ అని ఒక పోర్టు ఉంటుంది. సాధారణంగా అందరి చెయ్యీ దానికే పోతుంది. యాక్సెస్ పాయింట్ మోడ్ లేని రూటరుకు అందులో కాదు, ల్యాన్ అని ఉన్న నాలుగింటిలో ఒకదాంట్లో పెట్టండి. వ్యాన్‌లో పెడితే పాత రూటరు తన వెనక వేరే నెట్‌వర్క్ తయారుచేస్తుంది. బ్రౌజింగ్ నడవచ్చు గానీ, మేడ మీది ఫోన్ నుంచి హాల్లోని టీవీకి వీడియో పంపబోతే టీవీ కనపడదు. ప్రింటరూ అంతే.

రెండింటికీ ఒకే పేరు పెట్టవచ్చా?

పెట్టండి. పేరు, పాస్‌వర్డ్, భద్రత రకం మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉంటే, ఇంట్లో తిరుగుతున్నప్పుడు ఫోన్ తనంతట తానే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. ఎప్పుడు మారాలన్నది ఫోన్ ఇష్టం, డబ్బాది కాదు. కొన్ని ఫోన్లు హాల్లోని బలహీన సిగ్నల్‌నే పట్టుకు వేలాడతాయి. అలాంటప్పుడు డబ్బాల శక్తిని మధ్యస్థానికి తగ్గించి చూడండి. వినడానికి వింతగా ఉన్నా, దూరపు సిగ్నల్ త్వరగా సన్నబడితే ఫోన్ దాన్ని త్వరగా వదిలేస్తుంది.

చానళ్లు మాత్రం వేరుగా ఉండాలి. 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11. హాల్లో 1 పెడితే వెనక 6, మేడ మీద ఇంకోటి ఉంటే 11. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచండి. భద్రతకు డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టి, డబ్బా అడుగున అచ్చేసిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయండి. డబ్ల్యూపీఎస్ మీటతో కలిపే సదుపాయాన్ని ఆపేయండి.

ఎక్కడ బిగించాలి?

మన ఎండల సంగతి ఇక్కడ చూసుకోవాలి. ఇంట్లో వాడే రూటర్లు చాలావాటి మీద 40 డిగ్రీల వరకే పనిచేస్తాయని రాసి ఉంటుంది. పల్నాటి ఎండాకాలంలో మూసి ఉన్న మేడగదీ, రేకుల కప్పు కిందా ఆ హద్దు ఇట్టే దాటుతుంది. సజ్జ మీద, కప్పుకు ఆనించి పెట్టకండి, వేడంతా పైనే చేరుతుంది. తల ఎత్తున, గాలి ఆడే చోట, పడమటి గోడకు కాకుండా లోపలి గోడకు బిగించండి. అందం కోసం బీరువాలో దాచకండి, ఇనుము వైఫైని అక్కడే ఆపేస్తుంది.

కరెంటు పోయినప్పుడు రెండు డబ్బాలూ బతికి ఉండాలి. ఒక్కదానికే ఇన్వర్టర్ లైను ఉంటే లాభం లేదు. కొత్తగా యాక్సెస్ పాయింట్ కొనేటట్టయితే పీఓఈ ఉన్నది చూడండి. నెట్ వైరులోనే కరెంటు కూడా వెళుతుంది, మేడ మీద ప్లగ్గు అక్కర్లేదు, హాల్లో ఒక్క బ్యాకప్ పెడితే చాలు. నెట్ వైరులోకి కరెంటు ఎక్కించే ఇంజెక్టరు దాంతోపాటు వస్తే దాన్నే వాడండి. 24 వోల్టులవి, 48 వోల్టులవి రెండు రకాలు బజారులో ఉన్నాయి, తారుమారైతే డబ్బా మాడిపోవచ్చు.

ఊరి బయట మిరప కల్లం దగ్గర కెమెరా కోసం ఇదే వైరు పొడిగించవచ్చా?

వద్దు. మీరు అడగలేదు గానీ, ఇల్లు అయ్యాక వచ్చే ప్రశ్న ఇదే. దూరం 100 మీటర్లు దాటడం ఒక కారణం. అంతకంటే పెద్దది పిడుగు. ఆరుబయట లాగిన రాగి వైరు, పిడుగు దగ్గరలో పడినా చాలు, ఆ తాకిడిని రెండు కొసల డబ్బాలకూ మోసుకొస్తుంది. గాజు పోగుకు ఆ భయం లేదు. లోపల ఇనుప తీగ లేని ఫైబర్ వేసి, రెండు కొసలా ఫైబర్‌ను నెట్ వైరుకు కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టుకోవచ్చు. మధ్యలో చెట్లూ మిద్దెలూ అడ్డు లేకుండా కల్లం కనపడుతుంటే, ఎదురెదురుగా బిగించే అవుట్‌డోర్ వైర్‌లెస్ జత చాలు. 2005లో 2.4 గిగాహెర్ట్జ్‌కూ, 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగానికీ కేంద్రం లైసెన్సు అవసరం లేకుండా చేసింది. నిర్ణయించిన శక్తి మించని పరికరమైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంట్లో పని ముగిశాక పరీక్ష ఇలా చేయండి. మొదట లాప్‌టాప్‌ను వెనక గదిలోని కొత్త వైరుకు నేరుగా కలిపి వేగం చూడండి. హాల్లో వచ్చిన వేగమే రావాలి. రాకపోతే తప్పు పిన్నుల్లోనో వైరులోనో ఉంది, వైఫై సెట్టింగులు కెలక్కండి. వైరు బాగుండి వైఫై కలిసినా నెట్ రాకపోతే, ఫోన్‌లో గేట్‌వే అంకె మళ్లీ చూడండి. 192.168.1.2 కనపడితే పాత రూటరు ఇంకా చిరునామాలు పంచుతోందన్నమాట. అన్నీ సరిగా ఉంటే, పాప కూర్చునే బల్ల దగ్గర, తలుపు మూసి సిగ్నల్ అంకె చూడండి. మైనస్ 60 కంటే మెరుగ్గా వస్తే ఆ డబ్బాను అక్కడే బిగించేయవచ్చు.